బుట్టలోని పుట్టగొడుగులు తినవద్దు

థుయ్,

బుట్టలోని పుట్టగొడుగులు తినవద్దు, పారేయవద్దు. మూకుడు కడగవద్దు. ఉదయం అందులో వేయించిన వాసన వచ్చింది. నువ్వు రుచి చూశావేమోనని భయంగా ఉంది. ఫోన్ తీయడం లేదు కనుక నీ కాలేజీకి వెళ్తున్నాను. దారిలో మనం ఎదురుపడకపోతే, ఇది చూడగానే డాక్టర్లకు చూపించడానికి బుట్ట, మూకుడు తీసుకుని, కింది ఇంటి మాచేయ్ గారి కారులో ఆసుపత్రికి వెళ్లు. ఒంట్లో బాగానే ఉంది కదా అని ఆగవద్దు. ఈ విషం చాలాసేపు ఏమీ తెలియనివ్వదు.

"మా వియత్నాంలో వరిగడ్డి మీద ఇవే మొలుస్తాయి ఆంటీ, మీ పోలండ్ వాళ్లకి అన్నీ అనుమానాలే" అన్నావు నిన్న. ఇవి అవి కావు. కాడ మొదట్లో తెల్లటి సంచి ఉంటే మా అడవిలో అది చావే. మా ఇంట్లో ఏరి చూసే పని మా ఆయన జెనోన్‌ది. "టీచరమ్మా, నువ్వు పిల్లల్ని దిద్దుకో, పుట్టగొడుగుల్ని నాకొదిలెయ్" అనేవాడు.

ఆయన పోయాక నేను సరిగా తినడం లేదనే నువ్వు అడవికి వెళ్లావని తెలుసు. కోపం లేదు.

బోజెనా

ఇంకొకటి. నువ్వు మా ఇంట్లో అద్దెకు దిగిన వేసవి నుంచి బల్ల మీద నీకూ నాకూ రెండు కంచాలు పెడుతున్నాను. ఒక్కటే పెట్టడం నావల్ల కాదు.