పద్నాలుగో టేపు

పాపకూర,
9 నవంబరు 2004.

తమ్ముడూ,

నలుగురిలో నిన్ను ఫాదర్ గారూ అనే పిలుస్తాను. ఈ ఉత్తరంలో మాత్రం నాకు తమ్ముడివే, కోపం వస్తే నోరారా తిట్టు. మీ బావ, లవ్లీ బాగున్నారు. నా సంగతే రాయబోతున్నాను.

ఈసారి పార్సిల్లో దోమతెరలు, బ్యాటరీలు పెట్టాను. పాఠాల టేపులు లేవు. ఇకమీదట ఉండవు కూడా.

మీ పాపువా న్యూ గినియా అడవిలో, నీలా గురువులు కావాలని చేరిన బ్రదర్లకి పాఠం చెప్పే దిక్కు లేదని నువ్వు రాసినప్పుడు, ఇక్కడ పాపకూరలో నేను పనిచేసే ముసలివాళ్ళ రెస్ట్‌హోమ్‌లో ఉన్న ఫాదర్ డెస్మండ్ గారి చేత టేపుల్లో చెప్పించి పంపుతానన్నది నేనే. యాభై ఏళ్ళు సెమినరీలో కాబోయే గురువులకి చదువు చెప్పిన మనిషి. మొదటి ఎనిమిది టేపులూ ఆయనవే. తర్వాత ఆయన గొంతు పోయిందనీ, పక్కన కూర్చుని మెల్లగా చెబుతూంటే నేను పైకి చదువుతున్నాననీ నీకు రాశాను. అబద్ధం. గొంతు గంటలా ఉంది, మతే పోయింది. పునీత అగస్టీను గారి బోధతో ఎత్తుకుని రగ్బీ ఆటలో తేలేవారు. ఇప్పుడైతే నన్ను వాళ్ళ చెల్లెలనుకుని, అమ్మ పొలం నుంచి వచ్చిందా అని అడుగుతున్నారు.

తొమ్మిదో టేపు నుంచి అన్నీ ఆయన పాత నోటుపుస్తకాలు ముందేసుకుని నేనొక్కదాన్నే చదివినవి. ఆయన అక్షరాలు పోల్చుకోలేని చోట వదిలేసినా బాగుండేది. నాకు తోచింది చెప్పాను. పొద్దున్నే ఆరింటికి డ్యూటీ ఎక్కి తొమ్మిది మంది ముసలివాళ్ళకి స్నానాలు చేయించే మనిషిని, గురువులు కాబోయేవాళ్ళకి దైవశాస్త్రం చెప్పాను! మధ్యాహ్నం మూడింటికి డ్యూటీ దిగి లాండ్రీ గదిలో రికార్డర్ పెట్టుకుని కూర్చునేదాన్ని. "మమ్మీ, బస్సు టైంటేబుల్ చదువుతున్నట్టుంది" అని లవ్లీ ఒకరోజు విని నవ్వింది. నవ్వదూ మరి. పద్నాలుగో టేపు చివర ఏం చదివానో నాకే తెలీదు. చూసేసరికి టేపు అయిపోయి ఉంది. తిరిగి వినే ఓపిక లేక అలాగే పోస్టు చేశాను.

ముందే చెప్పాల్సింది. కానీ నీ టేపుల వల్లే వీళ్ళ చదువు నడుస్తోందక్కా అని రాసేవాడివి. ఇరవై ఏళ్ళుగా దేవుడి పని నువ్వు చేస్తుంటే చూస్తున్నదాన్ని, నాకూ కాస్త దక్కిందనుకున్నాను. ఇప్పుడు డిసెంబరులో బిషప్ గారు వచ్చి వాళ్ళని పరీక్ష చేస్తారంటున్నావు. నా పిచ్చి మాటలు అప్పజెప్పి ఆ పిల్లలు ఇళ్ళకి పోతే ఆ పాపం నాది. ఆ టేపులు తీసెయ్. నేను అలసిపోయాను రా. ప్రార్థనకి కూర్చున్నా కళ్ళు మూతపడుతున్నాయి.

నీ అక్క,
విమలకుమారి

మిషన్ హౌస్,
4 జనవరి 2005.

అక్కా,

వానలకి విమానం దిగక నీ ఉత్తరం నిన్ననే అందింది. బిషప్ గారు వచ్చి వెళ్ళారు. ఆరుగురిలో ఐదుగురు పై సెమినరీకి వెళ్తున్నారు. ఆరోవాడు పరీక్షకి ముందే ఇంటి మీద బెంగతో వెళ్ళిపోయాడు, అందులో నీ తప్పేం లేదు. రోగి దగ్గరికి వెళ్ళగానే గురువు ఏం చెయ్యాలని బిషప్ గారు అడిగితే, "చేతులు వెచ్చబెట్టుకోవాలి, పేరు పెట్టి పిలవాలి, తర్వాతే ప్రార్థన" అన్నారు ఐదుగురూ. ఏ పుస్తకంలో ఉందయ్యా ఇది అని ఆయన నన్నడిగారు. మా అక్క చెప్పిందన్నాను.

నీ అబద్ధం నాకు ఆగస్టులోనే తెలుసు. పద్నాలుగో టేపు సగంలో నువ్వు నిద్రపోయావు. పక్కన ఫాదర్ డెస్మండ్ గారుంటే లేపేవారు కదా. తెలిసీ ఊరుకున్నాను. నిన్ను మానెయ్యమంటే ఇక్కడ పాఠాలు ఆగిపోతాయి. నువ్వు అంతలా అలసిపోయావని చెవులారా విని కూడా, ఇంకో రెండు టేపులు పంపమని రాశాను. క్షమించమని అడగాల్సింది నేను. ఇక పంపకు. మధ్యాహ్నం ఇంటికెళ్ళి పడుకో.

ఆ రోజు నీ గురక వినపడగానే టేపు ఆపబోయాను. బ్రదర్ థామస్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనివ్వండి ఫాదర్, ఇప్పుడే కదా పడుకుంది" అన్నాడు. రేకుల మీద వాన పడుతోంది. ఆరుగురూ రికార్డర్ దగ్గరికి జరిగి కూర్చున్నారు. టేపు అయిపోయేదాకా నీ గురక విన్నారు.

నీ తమ్ముడు,
రెజినాల్డ్