చోడిగడ్డి అంటుకోని పూత

సెప్టెంబరు 9

గోవిందు మళ్ళీ టార్పాలిన్ తీశాడు. మా ఆయన జీపు చుట్టూ తిరుగుతున్నాడు. "ఇంజన్ బానే ఉంది వొదినా. వైరింగు, సీట్లు ఏయించుకుంటే బేగి అయిపోద్ది. చోళ్ళు కోతలకి ముందే రోడ్డెక్కించేద్దాం." కోతలంట! ఆ మాట వాడి నోటికి ఎలా వచ్చిందో.

సెప్టెంబరు 10

వాన. రాయాలని లేదు.

సెప్టెంబరు 12

అత్త ఒకటే గొణుగుడు — "అమ్మెయ్యే దాన్ని. నా కొడుకుని తినేసింది." అమ్మడానికి నాకు చేతులు రావడం లేదు.

పోయిన ఏడు కోతలప్పుడు. ఊరంతా చోళ్ళు, గడ్డీ కంకీ కలిపే, తారురోడ్డు మీద పరిచారు. బళ్ళు తొక్కితే గింజ రాలుతుంది, కర్రతో కొట్టే బాధ తప్పుతుంది. ఏటేటా చేసేదే. ఆయన జనంతో ఘాటీ రోడ్డు ఎక్కి, ఆ గడ్డి తొక్కించుకుంటూ వచ్చి టీ బడ్డీ దగ్గర ఆపాడు. కింద చుట్టుకున్న గడ్డి ఇంజన్ పొగపైపు మీద, నిప్పులా కాలే టర్బో దగ్గర అంటుకుంది. అందర్నీ దించేశాడు. ముసలమ్మల్ని, పిల్లల్ని, ఆఖరికి కోళ్ళ బుట్టల్ని కూడా. అయిపోయింది కదా? ఇంకేం కావాలి? మంట ఆర్పడానికి గుప్పిళ్ళతో మట్టి తీసుకుని బండి కిందికి దూరాడు.

బండి దక్కింది.

బండి కోసం కాలి పోయాడు మహానుభావుడు. ఇప్పుడు దాన్ని నేను పాతసామాన్లకి అమ్మాలా? అమ్మితే ఆయన ఎందుకు పోయినట్టు?

సెప్టెంబరు 17

గోవిందుకి చెప్పేశాను. ఆ పైపు మీద గడ్డి పడినా అంటుకోకుండా చేయించాకే నువ్వు స్టీరింగ్ ముట్టేది. ఇంకో మనిషిని ఆ బండికి ఇవ్వను. "అలాగే వొదినా" అన్నాడు, నేల చూస్తూ. అన్న పోయిన దగ్గర్నుంచి వాడు నా మొహం చూసి మాట్లాడడు.

సెప్టెంబరు 21

అరకు షెడ్డు. అప్పలరాజు మేస్త్రి టర్బో, దాని పొగపైపులు — మానిఫోల్డంట — విప్పి బల్ల మీద పెట్టాడు. "ఘాటీ ఎక్కినప్పుడు సూడాలమ్మా దీన్ని. నిప్పుకణికే."

సాలూరు లారీవాళ్ళు పైపులకి గుడ్డపట్టీ చుడతారు కదా, అది చుట్టేద్దామా అన్నాను. "మన వానలకి నానిపోద్ది. ఆయిలు పీల్చిందంటే ముందు అదే అంటుకుంటాది." పోనీ బ్రష్షుతో పూసే వెండిరంగు? "పూసుకోండి. నెల తిరక్కుండా రాలిపోద్ది." ఏమన్నా అడ్డమే. చివరికి నోరు విప్పాడు — సిరామిక్ పూతట. ఇసకతో గీకి, పూసి, కొలిమిలో కాలుస్తారట. గాజువాక వెళ్ళాలట. రేసు బళ్ళకి వేయించుకుంటారట. రేసు బళ్ళు! మా బండెక్కేది సంతకి పోయే జనం, చింతపండు మూటలు.

సెప్టెంబరు 22

గోవిందు ఫోన్లో బొమ్మలు చూపిస్తున్నాడు. అద్దంలా మెరిసే పైపులు. "ఇది ఏయిద్దాం వొదినా, సూడు ఎలాగుందో." పెళ్ళికూతురికి నగలు ఎంచుతున్నట్టు ఎంచుతున్నాడు. తిట్టబోయి ఊరుకున్నాను. ఎన్నాళ్ళకో వాడి మొహంలో కాస్త కళ.

సెప్టెంబరు 29

గాజువాక వెళ్ళొచ్చాను. ఒక సంచిలో టర్బో, మానిఫోల్డు. ఇంకో సంచిలో అటక మీది పాత చోడిగడ్డి. బస్సులో అందరూ గడ్డి చూసి ఒకటే నవ్వు. నవ్వుకోండి.

పూత వేసే ఆయన కూడా నవ్వాడు. "గడ్డెందుకమ్మా?" "పైపు మీద వేసి చూపించండి." ఎందుకో చెప్పాక ఇక నవ్వలేదు. పూత ఉన్న పైపు ముక్క, లేని ముక్క — రెండింటి లోపలా గ్యాసు మంట పెట్టాడు. పైన గడ్డి వేశాడు.

పూత లేనిదాని మీద ఇలా వేశాడో లేదో పొగ, మంట. నేను గోడ పట్టుకున్నాను. ఆ వాసన... రెండోదాని మీద గడ్డి అలాగే ఉంది. ఇంకా ఉంది. ప్రాణం లేచొచ్చింది నాకు. తర్వాత మెల్లగా గోధుమరంగు తిరిగింది. తర్వాత అంచున సన్నగా పొగ.

"ఆలస్యం అవుద్దమ్మా. అసలు అంటుకోదని మాత్రం సెప్పలేను."

ఆ ఆలస్యమే సరిపోయేది! ఇంటిదాకా వచ్చేవాడు. ఇంటి దగ్గర నేనుండేదాన్ని. చొక్కా పట్టుకుని వెనక్కి లాగేదాన్ని. పోనిచ్చేదాన్నా?

మెరిసే రకం వద్దన్నాడు. ఘాటీ వేడికి ఆ మెరుపు ఎలాగూ నిలవదట. టర్బోకి మందంగా వేసే బూడిదరంగుదే పనికొస్తుందట. పైకెక్కి ఆగగానే ఇంజన్ కట్టేయకూడదట, వేడి లోపలే ఉంటుంది కాబట్టి కాసేపు ఊరికే తిరగనివ్వాలట. సరే, అదే వెయ్యమన్నాను. చూడ్డానికి ఏడ్చినట్టుంది. ఉండనీ.

బయల్దేరుతుంటే టర్బో మీద ఖాళీ బోల్టు కన్నాలు చూపించాడు. "ఇక్కడ కంపెనీ రేకు ఉండాల కదమ్మా, టర్బోని కప్పేసినట్టు? అది ఉంటే గడ్డి దీని దాకా రాదు. పూత దాని తరవాతే." తెలియదన్నాను.

సెప్టెంబరు 30

అప్పలరాజుకి ఫోన్. "ఈ కొండల్లో ఏ బండికుందమ్మా ఆ రేకు? రాళ్ళరోడ్డుకి గలగలమంటాది, ఎక్కిన జనం గోల. అందరూ పీకేత్తారు."

మరి మా బండికి ఎవరు పీకారు?

అక్టోబరు 1

కోళ్ళగూడు తలుపుకి అడ్డంపెట్టే రేకు... వంపు తిరిగి, అంచున బోల్టు కన్నాలు. రోజూ పొద్దున్నే తీసి పక్కన పెట్టేది నేనే.

అత్తని అడిగాను. "గోవిందుడు తెచ్చి పెట్టినాడు కాదేటి. ఏటి, ఇప్పుడడుగుతున్నావు?"

అక్టోబరు 3

గోవిందుకి అన్నం పెట్టాను. పెట్టి లోపలికి వచ్చేశాను. మాట్లాడితే ఏం అనేస్తానో.

అక్టోబరు 5

వాడే వచ్చాడు. రేకు శుభ్రంగా తోమి తెచ్చి నా ముందు పెట్టాడు.

"నేనే ఇప్పేసినాను వొదినా. గోలెక్కువైపోనాదని అన్నయ్య తియ్యమన్నాడు... అన్నయ్యే అన్నాడో, నేను తీసేసినాక సెప్పినానో... ఎంత గుర్తుసేసుకున్నా రాట్లేదు. రోజూ అదే అనుకుంతన్నాను."

ఏడుస్తున్నాడు, చిన్న గుంటడిలా వెక్కివెక్కి. తిట్టడానికి నాలుగ్రోజులుగా దాచుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ఆయన ఉంటే అడిగేదాన్ని. "నువ్వే తియ్యమన్నావా?" అని. ఇద్దర్నీ కలిపి తిట్టేదాన్ని.

అక్టోబరు 24

బిగించేశారు. బూడిదరంగు పైపులు, పైన పాత రేకు. గోవిందు స్టార్టు చేశాడు. అత్త లోపలికి పోయి తలుపేసుకుంది. నేను బయటే నిలబడ్డాను. ఇంజన్ ఆపేముందు కాసేపు అలాగే ఉంచాడు, చెప్పినట్టే.

నవంబరు 2

కోతలు. మా ఇంటి ముందు రోడ్డు మీద ఈ ఏడు ఎవరూ పరచలేదు. ఎవరూ వద్దనలేదు, వాళ్ళే మానేశారు. మలుపు అవతల మాత్రం పరిచారట. పరచరా మరి? కొట్టి కొట్టి రెక్కలు పడిపోతాయి. మా చోళ్ళూ కొయ్యాలి.

నవంబరు 4

రేపు మొదటి ట్రిప్పు.

సాయంత్రం వాకిట్లో గోవిందు — "వొదినా. గాజువాకాయన్ని అడిగినావా? రేకుండుంటే అన్నయ్య బతికేవోడేటి?"

రేకుంటే గడ్డి టర్బో దాకా రాదనే అన్నాడాయన. రేపు జనాన్ని ఎక్కించుకుని ఘాటీ దిగాల్సింది వీడు. ఆ మాట మోసుకుని దిగాలి.

"అడిగాను. రేకున్నా అంతేనన్నాడు."

"నిజివేనా?"

"నిజమే."

"నా తల మీద సెయ్యేసి సెప్పు."

వేశాను. చెప్పాను.

వాడు అన్నం మళ్ళీ వడ్డించుకుని తిన్నాడు. నా మొహం చూసి "కూర బాగుంది వొదినా" అన్నాడు.

నవంబరు 5

పొద్దున్నే వెళ్ళాడు. వెళ్ళిన దగ్గర్నుంచి ఈ చెయ్యి నాది కానట్టుంది. అబద్ధపు ఒట్టు ఎవరి తల మీద వేస్తే వాళ్ళకే తగులుతుందని నాకు తెలియదా? తెలిసి తెలిసి వేశాను, అదీ వాడు స్టీరింగ్ పట్టే ముందురోజు! నా తల మీద వేసుకునైనా చెప్పాను కాదు... పూతలంట, రేకులంట, అన్నీ చూశాను.

మధ్యాహ్నానికే రావాలి. పొద్దు వాలుతోంది. మలుపు అవతల గడ్డి ఇంకా రోడ్డు మీదే ఉందట.

అత్త గుమ్మంలోంచి అడుగుతోంది — "గుంటడు ఇంకా రాలేదేటే?"

వస్తాడన్నాను.