రెండు హాల్ టీవీలు

శనివారం

మా నల్లగండ్ల ఇంట్లోని సర్వర్‌లో ఉన్న సినిమాలు బాచుపల్లిలో అక్క కూడా చూస్తుందని, పొద్దున రెండిళ్ల నెట్‌వర్కులూ నేనే కలిపాను. సాయంత్రం ఒక పాత వీడియో చూద్దామనిపించింది. అందులో మా ఆవిడ సునీత, అక్క అత్తగారిలా మూతి తిప్పుతూ నటిస్తుంది. ఫోన్‌లో ‘హాల్ టీవీ’ నొక్కాను. మా టీవీలో ఏమీ రాలేదు. అక్కవాళ్ల టీవీ పేరు కూడా హాల్ టీవీయే!

అంతలో అక్క ఫోన్. “జల్ది బంద్ చెయ్‌రా తమ్మీ! మా అత్తమ్మ చూస్తున్నది!”

ఆపేశాను. ఫోన్‌లో అక్క వెనక నుంచి అత్తగారి గొంతు నిదానంగా వినిపించింది. “సునీత మంచిగనే చేసింది. మరి ఫోన్ పట్టుకొని పకపక నవ్వుతున్నదెవరే?”

అక్క ఫోన్ పెట్టేసింది, మళ్లీ ఎత్తడం లేదు. ఆ వీడియో తీసింది అక్కే.