జీ మీద అలగీత

ఆగస్టు 4, సోమవారం. అసున్సియోన్.

థీసిస్ పీడీఎఫ్ చేశాను. వర్డ్‌లో అంతా బాగానే ఉంది. పీడీఎఫ్‌లో మాత్రం జీ (g) అక్షరం మీద ఉండాల్సిన అలగీతలన్నీ (~) పక్క అక్షరం మీదికి జరిగాయి. కొన్నిచోట్ల ఖాళీ డబ్బాలు.

మా గ్వరానీ భాషలో ఆ గీత అలంకారం కాదు. అది ఉంటే జీని ముక్కుతో పలకాలి. లేకపోతే అది వేరే అక్షరం.

ఆగస్టు 5

గైడ్ బరేరో గారికి చూపించాను. గుమ్మంలో ఇంకో విద్యార్థిని కాచుకుని ఉంది. “గీతలు తీసెయ్యి నిమియా. చదివేవాళ్ళకి తెలుస్తుందిలే” అన్నారు.

సరే అనబోయాను. యులోహియా అవ్వ గుర్తొచ్చింది. కాసాపా పల్లెల్లో మంత్రసాని. బిడ్డ బయటికి రాగానే ‘పుట్టింది’ అనదు, ‘ఒఙువాహే’ అంటుంది. వచ్చి చేరింది అని. అందులో ఉన్నది ఈ ముక్కు జీయే. నా థీసిస్ అంతా ఆ మాట చుట్టూనే. దాన్నే తప్పుగా రాసి ఇవ్వనా?

తియ్యనని చెప్పాను. “అయితే గురువారం పద్నాలుగు దాటకుండా ఆఫీసులో ఇచ్చెయ్యాలి. శుక్రవారం నగరం పండుగ, ఆఫీసు తెరవరు” అన్నారాయన, విసుగ్గానే.

ఆగస్టు 7

ఫాంట్ సైజు మార్చాను. మార్జిన్లు మార్చాను. వేరే కంప్యూటర్‌లో చేశాను. అవే డబ్బాలు. ఏడవలేదు.

ఆగస్టు 9, ఉదయం

దొరికింది. యూనివర్సిటీ రూల్స్‌లో చెప్పిన ఫాంట్‌లో అసలు ఆ గీతే లేదు. వర్డ్ దాన్ని ఇంకో ఫాంట్ నుంచి అరువు తెస్తోంది. పీడీఎఫ్ అయ్యేటప్పుడు ఆ అరువు గీత చోటు తప్పుతోంది.

జీ, గీత రెండూ ఉన్న ఫాంట్ వెతికి పట్టాను. స్టైల్స్ అన్నీ దానికి మార్చి, ఫాంట్‌ను ఫైల్లోనే కలిపి ఎక్స్‌పోర్ట్ చేశాను. గీతలు బుద్ధిగా కూర్చున్నాయి. పేజీలు పెరిగి విషయసూచిక తప్పింది. దాన్నీ అప్‌డేట్ చేశాను. చల్లటి టెరెరే టీ తాగుతూ మొదటి పేజీ నుంచి చివరిదాకా చూసుకున్నాను. కడుపు నిండినట్టుంది.

ఆగస్టు 11

ఆఫీసులో మిర్తా గారు తిప్పి ఇచ్చేశారు. ఫాంట్ రూల్స్ ప్రకారం లేదట. పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆవిడ రెండూ చూశారు. “నువ్వు చెప్పేది నిజమేనమ్మా. కానీ డీన్ గారి సంతకం లేకుండా నేను తీసుకుంటే రేపు నన్నడుగుతారు” అన్నారు.

కోపం రాలేదు. డీన్ గది ఎక్కడో అడిగాను.

ఆగస్టు 13

పొద్దుటి నుంచి డీన్ గది బయట బల్ల మీదే. చీపా రొట్టె తిని కూర్చున్నాను. నిన్న కూడా ఇంతే. మధ్యాహ్నం బరేరో గారు వచ్చారు. నేను పిలవలేదు. మిర్తా గారు చెప్పారట. నన్ను వెంటబెట్టుకుని లోపలికి నడిచారు.

డీన్ గారు ఇంత చిన్న గీతకా ఈ గొడవ అన్నారు. “చిన్నదే. తప్పుగా అచ్చయితే మాత్రం దాని మీద నా పేరు కూడా ఉంటుంది” అన్నారు బరేరో గారు.

సంతకం పడింది. బయటికొచ్చాక ఆయన, “మొన్న తీసెయ్యమన్నాను కదూ” అన్నారు.

ఆగస్టు 14

ఇచ్చేశాను.

సెప్టెంబర్ 19

థీసిస్ డిఫెన్స్ అయింది. పరీక్షకుల్లో ఒకాయన నగరంలోనే పుట్టి పెరిగారు, ఇంట్లో స్పానిష్ తప్ప వినలేదట. ‘ఒఙువాహే’ అన్న మాట పైకి చదివారు. అచ్చంగా ముక్కుతో.

వెనక వరసలో, కాసాపా నుంచి వచ్చిన యులోహియా అవ్వ పక్కావిడని అడిగింది, గది అంతా వినపడేలా: “ఈ అబ్బాయిది మా ఊరేనా?”