నిన్న నిన్ను ఆపిన బెల్టు

పురందరా,

ఎర్రబియ్యం గంజి పొయ్యి మీద ఉంది. తిని, వేడినీళ్లతో నడుముకు కాపడం పెట్టుకో. ఇవాళ వక్కచెట్టు మాత్రం ఎక్కకు. వాన రాకముందే మిగిలిన చెట్లకు మందు కొట్టాలని నీకు తొందర. కాయ రాలితే రాలనీ.

చెట్టెక్కేటప్పుడు నువ్వు కట్టుకునే బెల్టు నేను పుత్తూరు తీసుకెళ్తున్నాను. ఒకసారి మనిషిని ఆపిన బెల్టును మళ్లీ నమ్మకూడదు. వీపు దగ్గర కుట్టు సగం విడిపోయింది. అదే కొలతకు కొత్తది తెస్తాను.

కిందికి దిగకుండా పక్క చెట్టుకు ఊగేటప్పుడు బెల్టు తాడు కొక్కెం విప్పేయడం నీ పాత అలవాటు. "రెండో తాడు తగిలించాకే మొదటిది విప్పరా" అంటే, "నన్నేమైనా ఆవు అనుకున్నావా నాన్నా, కట్టేయడానికి?" అని విసుక్కునేవాడివి. నిన్న ఎందుకో నా మాట విన్నావు. కాలు జారి నువ్వు వేలాడుతుంటే పక్కతోట మోనప్ప, "ఏరా, పట్టపగలే గబ్బిలమైపోయావే!" అన్నాడు. "నవ్వింది చాలు మామా, ముందు నన్ను దింపే దారి చూడు" అన్నావు. నీ గొంతు వినిపించాకే నాకు ఊపిరాడింది. నడుము నొప్పితో పోయింది.

మధ్యాహ్నం బస్సుకు వచ్చేస్తాను.

నాన్న

చెట్టెక్కడానికి కాళ్లకు వేసుకునే బందం కోసం ఇల్లంతా వెతక్కు. అదీ నా సంచిలోనే ఉంది. కోపమొస్తే నేను వచ్చాక తిట్టు. తిట్టడానికి నువ్వున్నావు, నాకది చాలు.