కోళ్లకు ఇవ్వని కంచం

మీకు అమ్మాజీ వందనాలు; ఇక్కడ అందరం క్షేమమే, కంగారుపడకండి.

కోళ్లకి వైజాగు నుంచి రేకు తొట్లు పంపనా అని అడిగారు. వద్దండి. మేతకి కొబ్బరి మట్ట మొదలు దోనెలా బాగుంది. ఎక్కి తొక్కకుండా వాటి వీపు ఎత్తున తాళ్లతో వేలాడదీశాను. గాలికి అది కాలవలో పడవలా ఊగుతుంటే, కోళ్లూ తలలు ఊపుకుంటూ తవుడు తింటాయి.

నీళ్ల దగ్గరే చిక్కొచ్చింది. బేసిన్ పెడితే మొన్న ఓ కోడిపిల్ల అందులో పడిపోయింది. చెంగులో చుట్టి పొయ్యి పక్కన కూర్చుంటే మెల్లగా కళ్లు తెరిచింది. సీసాలో నీళ్లు పోసి పళ్లెంలో బోర్లిస్తే మంచిదన్నారు అత్తయ్యగారు. "అబ్బాయి సత్తు కంచం ఉత్తినే ఉందిగా, అది తియ్యవే" అన్నారు. నేను విననట్టే వెళ్లి మట్టి మూకుడు తెచ్చాను. ఇప్పుడు కోడి గుక్క తాగినప్పుడల్లా సీసాలో ఓ బుడగ పైకి లేస్తుంది. మధ్యాహ్నమంతా అదే చూస్తూ కూర్చుంటున్నాను. మీరు నీళ్లు తాగేటప్పుడు గొంతు కదలడం గుర్తొస్తుంది.

వచ్చేటప్పుడు గాజు సీసా ఇంకోటి తెండి. దగ్గు తగ్గిందా? అత్తయ్యగారు దీవెనలు చెప్పమన్నారు. మీ కంచం గూట్లో బోర్లించే ఉంది. మీరొచ్చి తిప్పాలి.