జీపు వెనక బంపరు తీయుటకో, ఉంచుటకో అనుమతి కోరుట

రవాణా అధికారి గారి సముఖమునకు, కొండమీది ఊరి జీపు డ్రైవరు రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: సొంతంగా చేయించి అమర్చిన వెనక బంపరు వలన నా జీపును నిలిపివేయుట గురించి.

మూడు రోజులుగా ముసురు పట్టింది. ఈ బుధవారం ఉదయం జీపు చక్రాల బురద కడిగి, ఎక్కడికీ పోయే వీలు లేనందున కూర్చుని ఇది రాస్తున్నాను.

1. మా ఊరికి రోడ్డు లేదు, రాళ్ల బాట ఉన్నది. మధ్యలో వాగు. మా వదినకు రెండు కిడ్నీలూ పనిచేయవు. సోమ, గురువారాలు కింద ఆసుపత్రిలో డయాలసిస్ చేయించాలి. ఊళ్లో ఉన్న బండి నా జీపు ఒక్కటే.

2. జీపుతో వచ్చిన బంపరు రేకుది. వాగు గట్టు తగిలి ఊడిపోయింది. ఊరి వెల్డరు, మా వదిన తమ్ముడు, ఇనుప గొట్టంతో కొత్తది చేశాడు. వదిన కాలు పైకి లేవదు గనుక దానికొక మెట్టు, దిగబడిన బండ్లను లాగడానికొక కొక్కెం పెట్టించాను. బోల్టులతో బిగించవలసింది. మా బాట మీద బోల్టు వారం నిలవదని బండి అడుగు చట్రానికే, అంటే ఛాసిస్‌కే, వెల్డింగు చేయించాను. ఇది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

3. గత శనివారం తమ ఇన్‌స్పెక్టరు గారు మా ఊరికి తనిఖీకి వచ్చి, "ఎవడు పెట్టమన్నాడయ్యా ఈ దూలం?" అని అడిగారు.

"మా వదిన ఎక్కడానికండి."

"మీ వదిన ఎక్కడానికి చట్టం దిగిరావాలా?" అని, బంపరు తీసేదాకా బండి కదపరాదని ముందు అద్దానికి నోటీసు అంటించారు.

4. నోటీసుకు సాక్ష్యంగా బంపరు ఫొటో జతపరిచారు. ఫొటో బాగా వచ్చింది. కొక్కేనికి తాడు కట్టి ఉన్నది. ఆ తాడు రెండో కొస తమ కార్యాలయం జీపుకు ఉన్నది. తనిఖీకి వచ్చే దారిలో వాగులో దిగబడిన ఆ జీపును నేను లాగి గట్టెక్కిస్తుండగా, ఇన్‌స్పెక్టరు గారు అందులో కూర్చునే ఫొటో తీశారు. తాడును నేరంలో చేర్చనందుకు కృతజ్ఞుడను.

5. బంపరు కోయమంటే వెల్డరు, "కోస్తాలే బావా, ఛాసిస్‌కు గాటు పడితే మళ్లీ నన్ననకు" అన్నాడు. భయపడి, నిన్న తమ కార్యాలయానికి నడిచి వచ్చాను.

గుమాస్తా గారు, "ఛాసిస్ జోలికి పోవాలంటే అనుమతి కావాలి" అన్నారు.

"ఇప్పించండి."

"ఫిట్‌నెస్ ఉన్న బండికే ఇస్తాం."

"ఫిట్‌నెస్ ఎప్పుడిస్తారండి?"

"బంపరు తీశాక."

"తీసేదెలాగండి?"

"అది వెల్డర్ని అడగాలి గాని, నన్నడుగుతావేం?"

6. మొన్న సోమవారం ఆసుపత్రి తప్పిపోయింది. వదిన కాళ్లు, ముఖం ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడక కూర్చునే ఉంటున్నది. "నా మూలాన ఆఫీసుల చుట్టూ తిరగకు మరిదీ. మెట్టు లేకపోతే ఏం, మీ అన్నయ్య ఎత్తి కూర్చోబెడతాడు" అన్నది. "నిన్నెత్తితే ఆసుపత్రిలో నీ పక్క మంచం నాకే" అన్నాడు అన్నయ్య. ఆమె నవ్వబోయి దగ్గింది. రేపు గురువారం. ఇది కూడా తప్పితే తన పూచీ లేదని డాక్టరు గారు చెప్పి ఉన్నారు.

కావున బంపరు తీయుటకో, ఉంచుటకో, ఏదో ఒక దానికి అనుమతించి నా బండిని కదలనివ్వవలెనని ప్రార్థన. రెండూ కుదరనిచో, సోమ, గురువారాలు తమ కార్యాలయం జీపునే మా ఊరికి పంపించగలరు. అది వాగులో దిగబడితే లాగడానికి మాత్రం నా బండి కదలరాదన్న సంగతి తాము చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జీపు డ్రైవరు,
కొండమీది ఊరు

తా.క. అయ్యా, ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది వెల్డర్ని. బంపరు అతికింది నేనే, అర్జీ తెచ్చిందీ నేనే. తెల్లవారేసరికి అక్కకు ఆయాసం ఎక్కువైంది. చిన్నబావ మీ నోటీసు చింపలేదు. దారి కనబడడానికి కొంచెం పక్కకు జరిపి అంటించాడు. అక్క, పెద్దబావ, చిన్నబావ గురువారం ఉదయం అయిదూ నలభైకి జీపులో వెళ్లారు.